ముడుచుకోని నొసలు

మా వదినకు కోపం తక్కువ. ఆమె నొసటికి మాత్రం ఎక్కువ. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు, అప్పుడే దున్నిపోయినట్టు ఉండేవి. బాన్సువాడ బస్టాండు దగ్గరి బట్టల దుకాణంలో చీరల కౌంటర్ ఆమెది. ఎంత నవ్వుతూ చీర విప్పినా, "ఏందక్కా, కొనకముందే కోపం చేస్తున్నవ్?" అనేవాళ్ళు వచ్చిన ఆడవాళ్ళు. ఒకరోజు సేటు ఆమెను లోపల మడతలు పెట్టమని పంపి, ముందర కొత్త పిల్లను కూర్చోబెట్టాడు. వదినకు అప్పటికి నలభై కూడా నిండలేదు.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. ఊళ్ళో బ్యూటీ పార్లర్లు వచ్చేశాయి. గీతలు పోయే సూది హైదరాబాదులో వేస్తారని ఒక పార్లర్ ఆమె వదిన చెవిలో వేసింది. వదిన తోడు రమ్మంది. రెండు వీధుల అవతల కాపురం ఉన్న ఆడబిడ్డను, ఏడో తరగతిలో బడి మానేసిన దాన్ని, సూది గురించి నాకేం తెలుసు? కానీ పట్నం అంటే కాలు నిలవదు కదా.

"మీ అన్నకు చెప్పకు. అవ్వ మంచంల ఉంటే నీకు మొఖం ఫికరా అంటడు" అంది వదిన.

అవ్వ అంటే మా అమ్మ. దమ్ముతో, ఊపిరాడని ఆయాసంతో మంచం పట్టి ఉంది. ఆమె స్నానం, తిండి, బట్టలు, అన్నీ వదినే చూసేది. కంటి అద్దాల కోసమని అన్నకు చెప్పి, అవ్వ దగ్గర పక్కింటామెను ఉంచి బస్సెక్కాం.

అక్కడి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. కోత ఉండదు, కుట్టు ఉండదు. నొసటి మీది కండరాలు కొన్ని నెలలు పని మానేస్తాయి, అంతే.

"మా ఆయన కండరాలు పెండ్లయినకాంచి గదే పని మీదున్నయి డాక్టరమ్మా, సూది గూడ అక్కర పడలే" అన్నాను. డాక్టరమ్మ సూది పక్కన పెట్టి నవ్వింది. వదిన కూడా నవ్వింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

కొన్ని రోజులకు గీతలు నిజంగానే పోయాయి. నొసలు అలికిన అరుగులా నున్నగా తయారైంది. సేటు ఆమెను మళ్ళీ ముందరి కౌంటర్‌కు పిలవకముందే, అవ్వ పోయింది.

మా దిక్కు ఏడుపు ఎవరికి వాళ్ళు మూలన కూర్చొని ఏడ్చేది కాదు. వచ్చే ఆడవాళ్ళు వీధి మొదట్లోనే రాగం అందుకుంటారు. కోడలు ఎదురుపోయి, మెడ మీద పడి, ఆ రాగాన్ని కలపాలి. ఏడ్చేవాళ్ళు ఏడుస్తుంటే, చూసేవాళ్ళు ముఖాలు చూస్తారు. వదిన గొంతు పోయేలా ఏడ్చింది. నీళ్ళూ కారాయి. కానీ కళ్ళ పైన ఏమీ జరగలేదు. ఆ సగం ముఖం పెళ్ళి ఫోటోలో ఉన్నట్టు ప్రశాంతంగా ఉంది.

కోటగిరి నుంచి వచ్చిన మా పెద్దమ్మ, అవ్వకు స్వయానా అక్క, వదినను కౌగిలించుకొని, మళ్ళీ దూరం జరిపి చూసింది.

"నీ మొఖమేందే గిట్లున్నది? పేరంటానికి వచ్చినట్టు!"

ఇంకేముంది, ఆ మాట పొయ్యి దగ్గరికి పోయింది, పందిరి కిందికి పోయింది, గుండు గీయించుకున్న అన్న చెవికీ పోయింది. "అత్త పోతే కోడలికి పీడ వదిలింది" అని ఎవరో అననే అన్నారు. వదిన వంటింట్లో నా చెయ్యి పట్టుకొని, "చెప్పకు, నా మీద ఒట్టు" అంది. నోరు మూసుకున్నాను. నన్ను భయపెట్టింది ఇంకొకటి. అంతా తెలిసిన నాకు కూడా, ఆ ముఖం వైపు చూసినప్పుడల్లా, ఈమెకు నిజంగా బాధ ఉందా అనే అనుమానం వస్తోంది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడతాం. కాకి ముట్టిందా, మనసు తీరి పోయినట్టు. ముట్టలేదా, ఎవరి మీదో మనసు ఆగినట్టు. కాలువ గట్టు మీద అన్నం, కోడికూర, దొప్పలో కల్లు పెట్టి దూరం జరిగాం. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"కూరల ఉప్పు తక్కువైందేమో, అవ్వ ఎక్కడ పోయినా వంకలు వెడ్తది" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అన్న ముందుకు పోయి, "అవ్వా, చెల్లెను మంచిగ చూసుకుంట" అని దండం పెట్టాడు. కాకి దిగలేదు. నేను పెట్టాను. దిగలేదు.

"కోడల్ని రమ్మనుండ్రి. మా చెల్లె మనసు ఆడనే ఆగింది" అంది పెద్దమ్మ.

వదిన పోయి విస్తరి ముందు కూలబడింది. దండం పెట్టలేదు. చెయ్యి నొసటి మీద పెట్టుకుంది.

"అత్తమ్మా, ఈడ సూది ఏయించుకున్న. గీతలు పోవాలని. దుకాణంల నన్ను ఎనుకకు కూసోవెట్టిండ్రు. నువ్వు గింత జల్ది పోతవని నాకేమెరుక? ఏడుపు వస్తుంది అత్తమ్మా, మొఖమే రానిస్తలేదు."

పెద్దమ్మ వచ్చి, బొటనవేలితో వదిన నొసలు నొక్కి చూసింది.

"ఏదీ, ముడువు."

"ముడుస్తలేదు పెద్దత్తమ్మా."

"దుఃఖం కనవడకుండ సూదులొచ్చినయా! మా ఆయన పోయిన్నాడు ఎవ్వలు జెప్పకపాయిరి" అంది పెద్దమ్మ. ఆడవాళ్ళలో సన్నగా నవ్వు లేచింది. ఒకామె వదిన భుజం మీద చెయ్యి వేసింది.

అన్న మాత్రం నవ్వలేదు. "అవ్వకు దమ్ము ఎగవోస్తుంటే, నువ్వు పట్నం పోయి మొఖం సక్కవెట్టుకొచ్చినవు" అని, గట్టు వెంట వెళ్ళిపోయాడు. ఒక నింద తుడుచుకుందామని నిజం చెబితే, దాని కింద ఇంకో నింద బయటపడింది.

అప్పుడు దిగింది కాకి. నేను అన్న వెంట పరుగెత్తాను.

"అన్నా, పిట్ట ముట్టింది!"

"ఆకలై ముట్టింది." ఆగాడు. "నువ్వు గూడ పోయినవా పట్నం?"

"పోయిన."

"మరి నువ్వే చెప్పు. అవ్వ కోసం ఆమెకు బాధ ఉన్నదా?"

"ఉన్నదన్నా. మస్తుగున్నది."

అన్న నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి నేను ఏం చెప్పినా దాని వెనక ఇంకో ముక్క వస్తుంది, నవ్వించే ముక్క. ఇప్పుడూ దాని కోసమే చూస్తున్నాడు.

"నిజమే చెప్తున్ననే" అన్నాను. అది కూడా వెటకారంలాగే వినిపించింది, నాకే. అన్న తల తిప్పుకొని నడిచాడు.

వెనక నుంచి వదిన ఖాళీ గిన్నెలతో వచ్చింది. ఒక గిన్నె అందుకోబోతే ఆమె చేతి వేళ్ళు వణికి, మూత జారి కాలువలో పడింది. ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. అన్నా, ఆమె చేతులు చూడు అని కేక వేద్దామనుకున్నాను. అప్పటికే అతను రోడ్డెక్కి, వచ్చే ఆటోకు చెయ్యి అడ్డం పెట్టాడు.