మల్లవ్వ ఆపని గాలి

నాచారం ఫ్యాక్టరీల వెనక గుడిసెల్లో మల్లవ్వను ఎరగనివాళ్లు లేరు. ఆమె మొగుడు బుచ్చిరాములు నీళ్లలో మునిగి పనిచేసేవాడు. బావిలో జారిపడ్డ మోటార్లు, క్వారీ గుంతల్లో పడ్డ ఇనుప సామాను, ఒక్కోసారి శవాలు పైకి తెచ్చేవాడు. మొదట్లో ఊపిరి బిగబట్టి దూకేవాడు. పైకొచ్చేసరికి చెవుల్లోంచి నెత్తురు కారేది. ఎనభై మూడులో పాత ఓడల సామాను అమ్మే సేటు దగ్గర గాజు కిటికీ ఉన్న రాగి టోపీ, పొడవాటి రబ్బరు పైపు, చేతిపంపు దొరికాయి. పంపు కడ్డీకి అటొకరు ఇటొకరు నిలబడి చేతులతో పైకీ కిందికీ నొక్కుతుంటే గాలి పైపులోంచి టోపీలోకి పోయేది. ఒక కొస మల్లవ్వది, రెండోది ఆమె తమ్ముడు బిక్షపతిది.

"నీ చెయ్యి ఆగితే నా పానం ఆగుతది," అన్నాడు బుచ్చిరాములు మొదటిరోజు నవ్వుతూ. మల్లవ్వ నవ్వలేదు.

ఎనభై ఆరు వేసవిలో మేడిపల్లి అవతల ఒక కంకర క్వారీ కోసం ఇద్దరు కాంట్రాక్టర్లు కొట్టుకుంటున్నారు. ఒకడి మనుషులు రెండోవాడైన జనార్ధనరావు రాళ్లను కంకర చేసే క్రషర్ ఇంజన్ను నీళ్ల గుంతలోకి నెట్టేశారు. దాన్ని తీయడానికి జనార్ధనరావు బుచ్చిరాములును పిలిపించాడు.

"ఆళ్లు మళ్ల వస్తే ఎట్ల సారూ?" అని అడిగింది మల్లవ్వ.

"నేనిక్కడే ఉంటాగా. మీ పని మీరు కానివ్వండి," అన్నాడు జనార్ధనరావు.

బుచ్చిరాములు అడుగుకు దిగి ఇంజనుకు గొలుసు చుడుతుండగా ట్రాక్టరు వచ్చింది. కర్రలతో, గొడ్డళ్లతో అవతలి కాంట్రాక్టరు మనుషులు దూకారు. జనార్ధనరావు జీపు అప్పటికే రోడ్డెక్కింది. ముందుగా దెబ్బ బిక్షపతి నెత్తిమీద పడింది. అతను కడ్డీ వదిలేసి అక్కడే కూలబడ్డాడు. మల్లవ్వ ఒక్కతే నొక్కసాగింది.

"ఇడిసిపెట్టి పో," అన్నాడు జంగయ్య. ఆ ముఠాకు వాడే పెద్ద.

"కింద మనిషున్నడు. పైకి రానియ్యి, మేమే పోతం."

వాడు ఆమె వీపు మీద కర్రతో కొట్టాడు. చేతులు ఆగలేదు. మళ్లీ కొట్టాడు. నోట్లోకి ఉప్పగా నెత్తురొచ్చింది, ఉమ్మేసి నొక్కింది. జంగయ్య విసిగిపోయి కర్ర పారేసి గొడ్డలి అందుకున్నాడు, పైపు మీద వేశాడు. పైపు సగం తెగి బుస్సుమంది.

మల్లవ్వ అప్పుడు వదిలింది కడ్డీని. పక్కనున్న గడ్డపార రెండు చేతులా ఎత్తి జంగయ్య మోకాలి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకూ వినిపించింది. వాడు గొడ్డలి మీదే పడ్డాడు. వెనకనుంచి ఇంకొకడు ఆమె భుజం మీద కొట్టాడు, ఎడమ చెయ్యి వేలాడిపోయింది. ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కడ్డీ మీద రొమ్ము ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. బిక్షపతి నెత్తురు కారుతూనే పాక్కుంటూ వచ్చి పైపు తెగినచోట తువ్వాల చుట్టి పిడికిళ్లతో బిగించాడు. రాళ్లు కొట్టే కూలీలు అటునుంచి పరుగున రావడం చూసి, ముఠావాళ్లు జంగయ్యను ట్రాక్టర్లో వేసుకుని పోయారు.

కూలీలు నడుముకు కట్టిన తాడు లాగి బుచ్చిరాములును పైకి తెచ్చారు. టోపీ విప్పితే మొహం నల్లబడి ఉబ్బి ఉంది. ముక్కులోంచి, కళ్లలోంచి నెత్తురు వస్తోంది.

"గాలెందుకు ఆపినవే?" అన్నాడు అతను కోపంగా. ఆ తర్వాతే ఆమె వేలాడే చెయ్యి చూశాడు.

మల్లవ్వ అతని చెంప మీద ఒక్కటి కొట్టి, ఏడ్చింది.

పోలీసులు ఆమె మీదా కేసు రాశారు, తర్వాత రాజీ కుదిర్చారు. జంగయ్య కాలు ఇక వంగలేదు. రాజీ జరిగినా వాడి అన్నదమ్ములు ఊరుకోలేదు. పట్టపగలు గుడిసె ముందుకొచ్చి పంపును సమ్మెటలతో ముక్కలు చేశారు, అడ్డంపోయిన బుచ్చిరాములు వేళ్లు విరిచారు. కట్టుకట్టిన చేత్తో మల్లవ్వ గడపలో నిలబడి చూసింది. గుడిసెవాళ్లెవరూ బయటికి రాలేదు.

వేళ్లు మానాక అతను ఉప్పల్‌లో ఒక వర్క్‌షాపులో కూలికి కుదిరాడు. నీళ్ల పని మానాడు. తొంభైలో అక్కడ నేవీ నుంచి రిటైరై వచ్చిన ఉమామహేశ్వర్ పరిచయమయ్యాడు. ఒకరోజు గుడిసెకొచ్చి, గాలి నింపి వీపున కట్టుకునే సిలిండరు చూపించాడు.

"రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులో ఇద్దరు కనిపెట్టారమ్మా దీని వాల్వు. పీల్చినప్పుడే గాలి వస్తుంది. పైపు అక్కర్లేదు, పంపూ అక్కర్లేదు," అని మల్లవ్వకు చెప్పాడు.

"పైన మమ్ముల నరికినా ఈయనకు గాలి ఆగదా?"

"ఆగదు. సిలిండర్లో ఉన్నంతసేపు వస్తుంది."

మల్లవ్వ ఆ ఇనుప డబ్బా మీద చెయ్యి వేసి చూసింది.

"అయితే గిదే కట్టుకొని దిగమను," అంది.

నాగోల్ దగ్గర పాత క్వారీలో బుచ్చిరాములు ఆ సిలిండరు కట్టుకుని మళ్లీ మునిగాడు. గట్టు మీద ఆమెకు చేయడానికి పనేమీ లేదు. నీళ్లమీదికి లేచే బుడగలు కాసేపు చూసింది. తర్వాత నీళ్లకు వీపు పెట్టి, ఎవరొస్తారోనని రోడ్డువైపు తిరిగి కూర్చుంది.