జబ్బార్ సాబ్ గేటు రిజిస్టరు

వంటింటి గట్టు మీద నల్ల గ్రానైటు పలక పరిచి, మేస్త్రీ దాని మీద చెంబుడు నీళ్లు పోశాడు. తడిసిన రాతిపొడి వాసన ఇల్లంతా వ్యాపించింది. తొలకరి వాసనకు దగ్గరగా ఉంటుంది గాని, దానికన్నా కాస్త చేదు. నేను వంగి, వెలుతురు ఏటవాలుగా పడేలా పలకను చూడసాగాను. "గట్ల వంగి ఏం జూస్తున్నరు మేడం? రాయి మంచిగనే ఉన్నది" అన్నాడు మేస్త్రీ. ఆరేదాకా చూస్తానన్నాను. అతడు నా వైపు జాలిగా చూసి చాయ్ తాగడానికి వెళ్లాడు. రాయిని అలా చూడటం నాకు నేర్పినవారు జబ్బార్ సాబ్.

కరీంనగర్ శివారులో గ్రానైటు దిమ్మెలను విదేశాలకు పంపే ఒక యార్డుకు ఆయన మేనేజరు. నేను ఫిజిక్సులో పీజీ చేసి, ఎవరు ఏ మాట చెప్పినా ఆధారం అడిగే అలవాటుతో అక్కడ ఆఫీసు ఉద్యోగంలో చేరాను. ఆ అలవాటు వల్ల కాలేజీలో నాకు స్నేహితులు తక్కువ. యార్డులో మాత్రం నన్ను మించిన అనుమానపు మనిషి ఎదురయ్యారు. క్వారీవాళ్లు ఒట్టేసి "ఒక్క బీట లేదు సాబ్" అంటే, ఆయన మారుమాట లేకుండా బకెట్టెత్తి దిమ్మె మీద నీళ్లు పోసేవారు. రాయంతా ఆరాక, వెంట్రుకంత బీట ఉన్నచోట తడి మిగిలి నల్లని గీతగా కనిపించేది. "ఎండిన రాయి మాట నమ్మకు బిడ్డా. నీళ్లు వోసి, ఆరినంక జూసి, గప్పుడు జెప్పు" అనేవారు. శాస్త్రీయ పద్ధతికి ఇంత పొట్టి నిర్వచనం నా పాఠ్యపుస్తకాల్లో లేదు.

ఒక సోమవారం ఇటలీ నుంచి మా పెద్ద కొనుగోలుదారు ఫోన్ చేశాడు. వారం రోజులుగా మా మెయిళ్లేవీ అందలేదట. వెతికితే అన్నీ అతని స్పాం ఫోల్డరులో ఉన్నాయి. శుక్రవారం సాయంత్రానికి దిమ్మెల కొలతల పూర్తి జాబితా స్పాంలో పడకుండా చేరకపోతే వేరే యార్డు రాయి తీసుకుంటానన్నాడు. వాట్సాప్‌లో పంపుతామంటే, తమ కొనుగోలు విభాగం మెయిలులో వచ్చినదాన్నే అంగీకరిస్తుందన్నాడు. అతను పోతే యార్డులో మొదట ఇంటిదారి పట్టేది దిమ్మెలు కొలిచే మనుషులు. వాళ్లందరినీ పనిలో పెట్టింది జబ్బార్ సాబే.

ఆయన ముందుగా తనకు తెలిసిన వైద్యం చేశారు. మెయిలును కాగితం మీద అచ్చు తీయించి, మూడు రబ్బరు స్టాంపులు కొట్టి, సంతకం పెట్టి, దాన్ని స్కాన్ చేయించి పంపారు. అదీ స్పాంలోకే వెళ్లింది. "మూడు ముద్దర్లు గొట్టిన గదా, ఇంకేం గావాలె వానికి?" అని పరేషాన్ అయ్యారు. నేను కూర్చుని మెయిలు వెనక ఉండే సాంకేతిక వివరాలు చదివాను. లోపం రాతలో లేదు. మా పేరుతో వచ్చిన మెయిలు నిజంగా మేమే పంపామని అవతలివారు సరిచూసుకునే దారి లేదు.

దానికి మూడు ఏర్పాట్లు కావాలని ఆయనకు వివరించాను. మా పేరుతో ఏయే సర్వర్లు మెయిలు పంపవచ్చో ప్రకటించే జాబితా ఎస్పీఎఫ్. ప్రతి మెయిలు మీద పడే, ఎవరైనా సరిచూసుకోగల ముద్ర డీకిమ్. ఈ రెండింటిలో ఏదీ సరిపోలని మెయిలును ఏం చేయాలో అవతలివారికి చెప్పే ఆదేశం డీమార్క్. "అంటే గేటు కాడ లారీల లిస్టు, దిమ్మె మీద మన నంబరు, గేటుమనిషికి ఆర్డరు. గంతేనా?" అన్నారు ఆయన. గంతే. ఆదేశాల్లో అన్నిటికన్నా కఠినమైనదాన్ని ఎంచుకున్నాను: సరిపోలకపోతే వెనక్కి కొట్టండి.

"నీళ్లు వోసినవా?" అని అడిగారు.

"మూడుసార్లు పరీక్షించాను సాబ్. నాకు నేనే పంపుకుని చూశాను."

"నీ లారీని నీ గేటుల నడిపిచ్చి చూసినవ్. నేను గీ గేటు వెట్టిన్నాడు వారం దినాలు ఎవ్వర్నీ ఆపలే. కుర్సీ ఏసుకొని ఊకె రాసుకున్న, ఎవడొస్తుండు, ఎవడు పోతుండు అని. ఆపుడు తర్వాత ముచ్చట."

నేను మర్యాదగా నవ్వి, ఆ కఠినమైన ఆదేశాన్నే అమల్లో పెట్టాను. మంగళవారం ఇటలీ ఫోన్ మళ్లీ మోగింది. ఆనాటి కొలతలు ఇప్పుడు స్పాంలో కూడా లేవు. దిమ్మెల కొలతలను మా మెయిలు కాదు, కొలిచేవాళ్ల ఫోన్లలోని ఒక ప్రోగ్రాము, తన సొంత సర్వరు నుంచి మా పేరుతో పంపుతుంది. దాన్ని నేను జాబితాలో రాయలేదు. "నిన్నటిదాంక చెత్తబుట్టలనన్న దొరికేది" అన్నారు జబ్బార్ సాబ్, ఎంతో శాంతంగా. "నీ సైన్స్ వచ్చినంక గది సుత లేకుంట వోయింది."

ఆదేశాన్ని "రానివ్వండి, మాకు తెలపండి" అని మార్చాను. మా పేరుతో ఎవరెవరు మెయిలు పంపారో రోజుకోసారి నివేదికలు రావడం మొదలైంది. జబ్బార్ సాబ్ పాత గేటు రిజిస్టరు తెచ్చి, స్కేలుతో గీతలు కొట్టి, నేను చదువుతుంటే రాసుకున్నారు. ఆఫీసు మెయిలు, ఉన్నది. కొలతల ప్రోగ్రాము, చేర్చాలె. మూడోది ఎవరో తెలియని ఒక ఉచిత మెయిలు సర్వీసు. రోజూ, మా కొనుగోలుదారులందరికీ. దొంగ దొరికాడన్నాను. ఆయన కలం ఆగిపోయింది.

"గది నేనే బిడ్డా" అన్నారు. "గుడ్ మార్నింగ్ పంపుత. గులాబీ పువ్వుల బొమ్మలు. గిరాకీ తోని జర మొహబ్బత్ ఉండాలె గద."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు. కలం సరిచేసుకుని, రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో రాశారు: జబ్బార్. లిస్టుల లేదు. బంద్.

కొలతల ప్రోగ్రామును ఎస్పీఎఫ్‌లో చేర్చాను. శుక్రవారం సాయంత్రం దిమ్మెల కొలతల జాబితా వెళ్లింది. చేరిందని ఇటలీ నుంచి ఫోన్ రాగానే నేను కుర్చీలో వెనక్కి వాలాను. జబ్బార్ సాబ్ మాత్రం, "మొదటి దిమ్మె నంబరు సదువుమను" అన్నారు. అతను చదివాడు. మాదే. తర్వాత, ఇంతకాలం ఆ గులాబీలను స్పాం అని గుర్తుపెడుతున్నది తానేనని, అవి ఆగినందుకు సంతోషమని చెప్పాడు. ఆ చివరి మాటను నేను జబ్బార్ సాబ్‌కు తర్జుమా చేయలేదు. ఆధారాలన్నీ అందరి ముందూ పెట్టాలన్న నా నియమానికి అదొక్కటే మినహాయింపు.

జబ్బార్ సాబ్ ఇప్పుడు లేరు. ఆ ఉద్యోగం వదిలి నేను చాలా దూరం వచ్చాను. ఏది మార్చినా ముందు కొన్ని రోజులు ఊరికే కూర్చుని రాసుకుంటాను. చాయ్ తాగి వచ్చిన మేస్త్రీ నా పక్కన వంగాడు. పలక ఆరింది. సింకు తొట్టి పక్కన, వెంట్రుకంత నల్లని గీత మిగిలింది.

"గీ రాయి ఎవరు ఏరిన్రు మేడం?" అన్నాడు.

దుకాణంలో అరగంట బేరమాడి, పొడిరాయి మీద చెయ్యి నిమిరి ఏరుకున్నది నేనే. ఇల్లు కట్టే పని లెక్కలు రాసే పుస్తకం తీసి, పలక వరుసలో, జబ్బార్ సాబ్ లాగే, నా పేరు రాసుకున్నాను.