కర్రు గంట

పోయిన వారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. "అక్కా, మా అమ్మ పోయింది," అన్నది పక్కింటి పిన్ని కూతురు. పిన్నిది పండిన వయసే, మంచాన పడి కూడా చాలా రోజులైంది. అయినా నాకు ఏడుపు కంటే ముందు 'మా అమ్మ' అన్న మాట వచ్చి గుచ్చుకుంది. నిజమే, వాళ్ళమ్మే. నాకు పిన్ని, అదీ ఇళ్ళు పక్కపక్కన ఉన్నందుకు కలిపిన వరస. మనవల పెళ్ళిళ్ళు చూసిన దాన్ని, ఇంకా ఆ పిల్ల మీద నా కుళ్ళు చావలేదు. పిన్ని గురించి రాయాలంటే ఆ కుళ్ళు సంగతీ రాయాలి. అది వదిలేసి రాస్తే నేను రాసినట్టే ఉండదు.

మాది నరసరావుపేటకు పిల్లలు నడిచి పోగలిగినంత దూరంలో, రొంపిచెర్ల దారిన ఉన్న పల్లె. మా వాడలో చర్చీ బడీ ఒకటే పాక. ఆదివారం ప్రార్థన, తక్కిన రోజులు చదువు. ఐదు తరగతులకూ ఒక్కడే పంతులు. పొద్దున గంట కొడితే లోపలికి పోవాలి, సాయంత్రం గంట కొడితే ఇంటికి పోవాలి. గంటకు ఇంకో పని ఉంటుందని మాకెవరికీ తెలియదు. ఐదో తరగతి కాగానే ఆడపిల్లలు పొలం పనికి మళ్ళేవాళ్ళు. నన్నూ పిన్ని కూతురినీ మాత్రం నరసరావుపేటలోని పెద్దబడిలో ఫస్టు ఫారంలో వేయాలని పంతులు పట్టుబట్టాడు. ఆరో తరగతిని అప్పట్లో అలా అనేవాళ్ళు.

మా అమ్మ మిరపచేలకు కూలికి పోయేది. పిన్ని ఇంటిపట్టున ఉండేది. బాబాయికి సొంత ఎడ్లబండి ఉండేది, పేటకు బాడుగలు తోలేవాడు. ఇల్లాలిని కూలికి పంపకపోవడం ఆయన పౌరుషం. పంతులు ఆ మాట చెప్పిన కొద్దిరోజులకే, ఇంకా వేసవి సెలవులివ్వక ముందే, పిన్ని ఒకరోజు బండెక్కి పేటకు పోయింది. పెద్దబడి గేటు ఎదురుగా మజ్జిగ అమ్మే ముసలమ్మ పక్కన పొద్దుగూకే దాకా కూర్చుంది. ఏ గంట ఎందుకు కొడతారో, ఎవరు లోపలికి పోతారో, ఎవరు బయటికొస్తారో అంతా అడిగి తెలుసుకుని వచ్చింది.

మర్నాడు వాళ్ళ వసారా దూలానికి అరిగిపోయిన నాగటి కర్రు వేలాడింది. పిన్ని దాన్ని అట్లకాడతో ఖంగుమనిపించేది. కూతురు చాప మీద కదలకుండా కూర్చునేది. పిన్ని వంటింట్లోకి పోయి, బాబాయి కండువా భుజాన వేసుకుని లెక్కల అయ్యవారై వచ్చేది. ఇంకాసేపటికి మళ్ళీ గంట, మళ్ళీ వంటింట్లోకి. ఈసారి చంకలో గొడుగు పెట్టుకుని ఇంగ్లీషు అయ్యవారు. నేను చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని కంచె ఇవతల నిలబడి చూసేదాన్ని. అదేదో ఆట అనుకున్నాను. మా అమ్మ కూడా ఇంట్లో ఉంటే మాకూ ఒక కర్రు ఉండేది కదా అని కుళ్ళుకునేదాన్ని.

అది ఆట కాదని బడిలో చేరిన రోజే తెలిసింది. పొద్దున ఒక అయ్యవారు వచ్చి పేర్లు పిలిచాడు, కాసేపు పాఠం చెప్పాడు, గంట కొట్టారు. బడి అయిపోయిందనుకుని నేను సంచి భుజాన వేసుకుని బయటపడ్డాను. ఎండలో నడిచి ఇంటికొచ్చేశాను. ఇంత తొందరగా వదిలేస్తారా, పెద్దబడి చాలా బాగుందే అనుకున్నాను కూడా. పిన్ని కూతురు మాత్రం బెంచీ మీద నుంచి లేవలేదట. సాయంత్రం దాకా ఉండి, అందరితో కలిసి వచ్చింది.

పొలం నుంచి వచ్చిన అమ్మకు సంగతి తెలిసింది. మొదట నవ్వింది. ఆ తర్వాత కాళ్ళు కడుక్కుంటూ, "మనకెందుకులేవే ఆ పెద్దబడి. అక్కడ గంట గూడా మనకి అర్థం గాకపోయె. రేపు నాతో కలుపు తీతకి రా," అన్నది. కోపంగా అనలేదు. తేల్చేసినట్టు అన్నది. అందుకే భయమేసింది.

కంచె అవతల పిన్ని వింటోంది. "అక్కా, పిల్లని బడి మానిపించబాక. సాయంత్రాలు మా ఇంటికి పంపు," అన్నది.

"నీకేమే చెల్లే, నీడ పట్టున ఉంటావు, గంటలు కొడతావు. నేను పొద్దున్నే పోకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు," అన్నది అమ్మ.

"అందుకేగా అడుగుతంది. నువ్వు పొలాన ఉన్నప్పుడు నేను ఇంట్లోనేగా ఉండేది."

అమ్మ చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. పొమ్మని చెప్పలేదు, వద్దనీ అనలేదు. మర్నాడు నేను బడికి పోయాను. సాయంత్రం పిన్ని వసారాలో చాప మీద కూర్చున్నాను.

పిన్ని మొదట నేర్పింది చదువు కాదు, కూర్చోవడం. కర్రు మోగగానే నా చెయ్యి సంచి మీదికి పోయేది. "గంట కొడితే అయిపోయినట్టు కాదే. ఒకాయన పోయాడంటే ఇంకొకాయన వస్తాడు. గుమ్మం వంక చూస్తా కూకో," అనేది. ఆమెకు ఇంగ్లీషు అక్షరం రాదు. గొడుగు పెట్టుకుని వచ్చి, "నాకు రాదు. ఇయ్యాల ఏం చెప్పారో మీరే చెప్పండి, నేను ఇంటా," అని బుగ్గన చెయ్యి పెట్టుకుని వినేది. మేము తడబడితే ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. "మళ్ళీ చెప్పు, ఆడ నీ గొంతు తగ్గింది," అనేది.

ఇంత చేసినా నా కళ్ళు వేరే లెక్కలు చూసుకునేవి. పిన్ని కూతురి మొహాన మసి అంటితే కొంగుతో తుడిచేది. నా మొహాన అంటితే, "తుడుచుకో," అనేది. ఆ ఒక్క మాట తేడాకి నేను అన్నం సరిగా తినని రోజులున్నాయి. పీరియడ్లు అయిపోయాక కూతురు అక్కడే తల్లి ఒళ్ళో వాలేది. నేను కంచె దాటి మా ఇంటికి రావాలి. ఇంగ్లీషులో నాకే మార్కులు ఎక్కువ వచ్చినప్పుడు కూడా, మార్కులు ఇచ్చేసి ఆ ఒళ్ళు తీసుకోవచ్చా అనిపించింది.

కుళ్ళు నా ఒక్కదానిదే కాదు. ఒక ఆదివారం చర్చి అయ్యాక, మాటల్లో పొరపాటున పిన్నిని "అమ్మా" అని పిలిచాను. మా అమ్మ విన్నది. "ఆమె ఇంట్లో కూకుని తల్లయింది. నేను పొలంబోయి ఏమైనట్టు?" అని పిన్ని ముందే అడిగేసింది. పిన్ని నొచ్చుకోలేదు. "నువ్వు పొలం పోబట్టే దీనికి బడి అక్కా. నేను గంట కొడతన్నా, అంతే," అన్నది. ఆ తర్వాత అమ్మ మిరపచేల నుంచి వస్తూ కొంగున కట్టుకొచ్చిన దోసకాయలు పిన్ని వసారాలో పెట్టి, పలకరించకుండా వచ్చేసేది. వాళ్ళిద్దరికీ అది పలకరింపే.

చలికాలం వచ్చేసరికి పిన్ని కర్రు కొట్టడం మానేసింది. "మీకు అలవాటైపోయిందిలే, ఇంక నేనెందుకే," అన్నది. పిన్ని కూతురికి పోయింది గంట ఒక్కటే. నాకు సాయంత్రాలు పోయాయి.

నేను చదువు ముగించి మాచర్ల వైపు బడిలో పంతులమ్మనయ్యాను. పిన్ని కూతురు స్కూలు ఫైనల్ తర్వాత పెళ్ళి చేసుకుని ఊళ్ళోనే ఉండిపోయింది. ఊరంతా నన్ను గొప్పగా చూసేది. నేను మాత్రం, చివరి దాకా పిన్నికి అన్నం కలిపి పెట్టినందుకు, తల దువ్వినందుకు దాన్ని చూసి కుళ్ళుకున్నాను.

సమాధి దగ్గర కార్యక్రమం అయ్యాక ఇద్దరం ఆ వసారాలోనే కూర్చున్నాం. ఉన్న మాట చెప్పేశాను, చిన్నప్పటి నుంచి నిన్ను చూస్తే నాకు కుళ్ళని. అది కళ్ళు తుడుచుకుని నా వంక వింతగా చూసింది.

"నీకా? మా అమ్మ ఎవరొచ్చినా నీ సంగతే చెప్పేది. గంటకి సంచి తగిలించుకుని ఇంటికొచ్చిన పిల్ల ఇయ్యాల బళ్ళో గంట కొట్టిస్తందని. మంచంలో గూడా అదే మాట. అన్నం పెట్టేది నేను, పొగిడేది నిన్ను. చానా ఒళ్ళు మండేది అక్కా."

నాకు నవ్వొచ్చింది, దానికీ వచ్చింది. దూలానికి ఇంకా వేలాడుతున్న కర్రును తన ఇంటికి తీసుకుపోతానని లేచింది. నాకు మళ్ళీ మనసులో చురుక్కుమంది, నాకిమ్మని మాత్రం అడగలేదు. తాడు విప్పబోతూ, చేతికి అందిన అట్లకాడతో ఒక్కసారి కొట్టింది. ఖంగుమన్నది.

నా చెయ్యి సంచి మీదికి పోలేదు. పిన్ని కూతురు తాడు వదిలేసి నా పక్కన చాప మీద కూర్చుంది. ఇద్దరం నడుం నిటారుగా పెట్టి వంటింటి గుమ్మం వంక చూస్తూ ఉండిపోయాం.