ఆకుపచ్చ దీపం నీలంగా వెలిగిన రేవు

ఎల్‌ఈడీ బల్బులు చవకైన కొత్తలో నేను నరసాపురం దిగువన ఒక చిన్న రేవులో పంటుకు సరంగుని. పంటు అంటే మనుషుల్నీ బళ్ళనూ గోదావరి దాటించే బల్లపరుపు పడవ; దాన్ని నడిపేవాడు సరంగు. పొద్దు వాలితే పంటుకు ఎడమన ఎర్రదీపం, కుడిన ఆకుపచ్చ దీపం వెలగాలి. ఎదురొచ్చే నావ వాటిని చూసే తప్పుకుంటుంది. దీపాల వెనక రేకు అడ్డం కనుక సరంగుకు అవి కనబడవు.

అంతవరకూ అవి కిరసనాయిలు దీపాలు. రేవు పాడుకున్న కాంట్రాక్టరు దీపాల పాత రంగు అద్దాలు అలాగే ఉంచి, లోపల తెల్ల బల్బులు పెట్టించాడు. పట్టపగలు ఒడ్డున నిలబడి, వెలిగాయి, చాలన్నాడు.

ఆ వారంలోనే మసక వేళ ఏసుపాదం నావ పంటుకు అడ్డం వచ్చింది. అతను చేపలు పట్టి ఈ రేవులోనే అమ్ముకునేవాడు. ఇంజను వెనక్కి తిప్పినా నావ అంచు విరిగింది. మనిషి ఈది బతికాడు. పంటు కుడి దీపం చూసి, జాలర్లు వలకర్రలకు కట్టే నీలం దీపం అనుకున్నానన్నాడు. కాంట్రాక్టరు మాత్రం తాగొచ్చాడని తేల్చి, ఇక రేవులో అతని నావ కట్టనివ్వనన్నాడు. అంటే బతుకుతెరువు పోయినట్టే.

"తాగితే ఒక దీపం రెండు కనబడతాయండి. ఆకుపచ్చది నీలమెలా అవుద్దండి?" అన్నాడు ఏసుపాదం. రేవంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు కాంట్రాక్టరును పిలిచి, టిక్కెట్ల గది తలుపులు మూసి, ఆ కుడి దీపం అద్దం వెనక పాత కిరసనాయిలు దీపం పెట్టాను: ఆకుపచ్చ. బల్బు పెట్టాను: నీలం. అద్దం వెలుగుకు రంగు పులమదు. కొన్ని రంగుల్ని ఆపి, మిగతావాటిని పోనిస్తుంది. ఆ అద్దం నీలాన్నీ ఆకుపచ్చనూ పోనిచ్చే రకం. కిరసనాయిలు మంటలో నీలం దాదాపు ఉండదు, తెల్ల బల్బులో మెండు. ఇది నాకు ఏ కాలేజీ చెప్పలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని చదివాను.

కాంట్రాక్టరు అంతా చూశాడు. అద్దం మార్పిస్తానన్నాడు. తాగుబోతును మాత్రం రానివ్వనన్నాడు.

ఒళ్ళు మండింది. "అతని నావ కట్టని రేవులో నేను పంటు కట్టనండి" అని తాళంచెవి బల్ల మీద పెట్టి బయట కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆటోలు, ఒక పెళ్ళి వ్యాను గట్టు మీద నిలిచిపోయాయి. పెళ్ళివారు తిట్టడం మొదలెట్టాకే, నావ కట్టుకోమని ఏసుపాదానికి కబురెళ్ళింది. కళ్ళెదుటి రుజువుకు కదలని పెద్దమనిషి పెళ్ళివారి తిట్లకు కదిలాడు.

అద్దాన్ని విడిగా, దీపాన్ని విడిగా పరీక్షిస్తే చాలదు. రెండూ కలిపి, ఎదురొచ్చేవాడు ఉండే చోటు నుంచి, నది మీద నుంచే చూడాలి. అలా చూడనివాడికి ఎదుటివాణ్ణి తాగాడనే హక్కు లేదు.