బతికున్న బాబాయి ఫోటోకు దండ

మూడేళ్లుగా అడుగుతున్నాను. ఛానెల్ ఆఫీసుకు వెళ్లాను, నిర్మాత గారి ఇంటి గేటు దగ్గర నిలబడ్డాను, మెసేజీలు పెట్టాను. చదివినట్టు నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది హైదరాబాదులో ఒక డైలీ సీరియల్‌కు మాటలు రాసేవాణ్ణి. మాది నరసరావుపేట. హీరోయిన్ తండ్రిని మాజీ సైనికుణ్ణి చేద్దామన్నారు. ఒక పాత్ర చుట్టూ కొన్ని వారాలు నడిపే కథను మేము ట్రాక్ అంటాం. ఆ ట్రాక్ కోసం గురజాల దగ్గరుండే యోహాను బాబాయి ఇంటికి వెళ్లాను. మా నాన్నకు స్నేహితుడు. ఫిరంగుల దళంలో యుద్ధం చేసి వచ్చాడు. ఇప్పుడు దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ.

ఫిరంగి మోతకు ఆయన ఎడమ చెవి పోయింది. ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు. పిలిస్తే పలకడని, మిలిట్రీ పొగరని అంటారు.

"నా పేరెయ్యమాకు అబ్బాయ్. ఈ చెవి సంగతొక్కటి చూపియ్. నేను చెప్పుకుంటే జాలి కోసమంటారు. టీవీలో చూస్తే వాళ్లకే తెలుస్తది" అన్నాడు.

వంటింట్లోంచి మార్తమ్మ పిన్ని అందుకుంది. "నేను పిలిస్తే రెండో చెవి కూడా పోద్ది ఆయనకి. అదీ రాయి."

యూనిఫాం ఎలా ఉండాలో సెట్ వాళ్లకు చూపించమని గోడ మీది ఫోటో ఆయనే దించి ఇచ్చాడు. "భద్రం. అదొక్కటే ఉంది."

చెవి సీను రాసిచ్చాను. ఛానెల్ మనిషి చదివి, "వినపడకపోతే డ్రామా ఏముంది సార్? తాగుబోతును చేయండి. నిద్రలో అరవాలి" అన్నాడు. నేను రాయనన్నాను. ఇంకొకరితో రాయించుకున్నారు. టైటిల్స్‌లో మాత్రం నా పేరే ఉంచారు. ఆ మర్యాద నేను మరిచిపోను.

బాబాయి ఫోటోను ఆ పాత్ర కుర్రతనంలో తీయించుకున్నదన్నట్టు సెట్ గోడకు తగిలించారు. కొన్నాళ్లకు ఆ నటుడు తన డేట్స్, అంటే షూటింగుకు వచ్చే రోజులు, ఇంకో సీరియల్‌కు ఇచ్చేశాడు. మా పనిలో నటుడు రాకపోతే పాత్రను చంపేస్తారు. ఫోటోకు దండ వేసి, ముందు దీపం పెట్టి, హీరోయిన్‌ను ఏడిపిస్తే సరి. నటుడి ఫోటోకు ఫ్రేము కట్టించే తీరిక లేక, గోడ మీదున్న దానికే దండ వేశారు.

ఆ సీను వచ్చిన సాయంత్రం పిన్ని ఒక్కతే టీవీ ముందుంది. బాబాయి డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. లారీల రొదలో ఆయనకు మోత వినపడలేదు. పిన్ని ఆటో మాట్లాడుకుని ఫ్యాక్టరీ దాకా వెళ్లింది. గేటు దగ్గర ఆయన చొక్కా పట్టుకుని నిలబడిపోయింది.

"ఏందే? ఏమైంది?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడట.

చెవి సంగతి ఊరికి ఇప్పటికీ తెలియదు. తాగుబోతు మిలిట్రీ అన్న పేరు మాత్రం అదనంగా వచ్చింది. ఆయన జన్మలో మందు ముట్టలేదు.

కిందటి నెల వెళ్తే నన్ను గుమ్మంలోనే ఆపాడు. "ఫోటో తెచ్చావా?" అన్నాడు. లేదన్నాను. తనకే సరిగా వినపడలేదనుకుని, కుడి చెవి నా వైపు తిప్పి మళ్లీ అడిగాడు. "తెచ్చావా అబ్బాయ్?"

ఒకరి ఇంటి గోడ మీద నుంచి ఏదైనా తెచ్చేటప్పుడు, తిరిగి చేర్చే మనిషి ఎవరో ముందే తేల్చుకోవాలని ఈ పనిలో నేను నేర్చుకున్నాను. నిర్మాత గారూ, ఆ మనిషి మీరే. ఆ ఫోటో ఎక్కడుంది? దాని మీద దండ తీశారా, లేదా? జవాబు నాకు వద్దు. గురజాల వెళ్లి, ఆయన కుడి వైపున నిలబడి చెప్పండి.