లైటు ఆర్పి ఇచ్చాను

వచ్చిన బండినల్లా ఆపేస్తాడని మా ఆయన్ని వీధిలో అందరూ ‘ఎర్ర లైటు’ అంటారు. వెనకాల కాదు, మొహం మీదే. పద్దెనిమిదేళ్ళుగా కార్లు బాగుచేస్తున్న మనిషికి ఆ పేరు పెట్టిన వాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒకప్పుడు ఆయన పెద్ద కంపెనీ సర్వీస్ సెంటరులో పనిచేసేవాడు. నీలం చొక్కా, నెల తిరిగేసరికి జీతం, ఆదివారం సెలవు. అక్కడొక మిషను ఉండేది. దాన్ని కారుకి తగిలించి బటన్ నొక్కితే డాష్‌బోర్డు మీద వెలిగే లైట్లు ఆరిపోయేవి. జబ్బు మాత్రం లోపల అలాగే ఉండేది. కారువాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళి, పది రోజులకి ఏడుస్తూ వచ్చేవాళ్ళు. “ఆర్పడం నా పని కాదు సార్, ఎందుకు వెలిగిందో చూడడం నా పని” అని సూపర్‌వైజరుతో తెగేసి చెప్పి, చొక్కా విప్పి బల్ల మీద పడేసి, బనీనుతో ఇంటికొచ్చాడు మహానుభావుడు. ఆ రోజు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మెచ్చుకుని కాదు, కోపం పట్టలేక.

ఆ తర్వాత పెట్టిందే ఈ షెడ్డు. రేకుల కప్పు, రెండు కార్లు పట్టే చోటు, మూలన నా కుర్చీ. ఫోన్లు ఎత్తడం, పార్టులు తెప్పించడం, వచ్చినవాళ్ళకి సర్దిచెప్పడం నా వంతు. పదకొండేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి నాకూ కాస్తో కూస్తో తెలుసు. వచ్చినవాడెవడూ కారు బాగుచెయ్యమనడు. “ఆ లైటేదో ఆర్పెయ్, అర్జెంటుగా వెళ్ళాలి” అంటాడు. అక్కడే మా ఆయనకి కాలుతుంది.

“పసుపు లైటు వెలిగితే నీకు టైముంది, ఈ వారంలో చూపించు. ఎర్రది వెలిగితే టైం లేదు, పక్కకి తీసి ఆపు. ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలుగుతుంటే ఇంకా తోలావనుకో, ఇంజను పట్టేస్తుంది. ఇందులో అర్థం కానిదేముంది?” అని ప్రతివాడికీ క్లాసు పీకుతాడు. వాళ్ళు బుద్ధిగా తలూపుతారు. ఒకాయనైతే ఇంటికెళ్ళి ఆ లైటు మీద స్టిక్కరు అంటించుకున్నాడు! ఇలాంటి వాళ్ళ చేతికి తాళాలిచ్చి రోడ్డు మీదకి వదులుతున్నాం.

మా షెడ్డు నిలబడిందల్లా ఒక ట్రావెల్స్ ఓనరు పుణ్యాన. అతనివి తొమ్మిది కార్లు. అవి రాకపోతే మేం తాళం వేసుకోవాల్సిందే. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే అంత నోరు.

మొన్న పొద్దున అతని డ్రైవరు ఒక కారు తెచ్చాడు. నెమ్మదైన మనిషి. “డాష్‌బోర్డు మీద బ్రేకు గుర్తు ఎర్రగా వెలుగుతోందన్నా. పదింటికి ట్రిప్పు, కొండ మీదకి” అన్నాడు. మా ఆయన బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ చూశాడు. అడుగుకి దిగిపోయింది. “ఇది ఎక్కడో కారిపోతోంది. చక్రాలు విప్పి చూడాలి. సాయంత్రం దాకా బండి కదలదు” అన్నాడు.

డ్రైవరు ఫోన్ కలిపాడు. ఓనరు గొంతు షెడ్డంతా వినబడింది. “ఏమయ్యా, నీ పురాణం ఎవడడిగాడు? ఒక్క లైటు ఆర్పడానికి సాయంత్రమా? పదింటికి బండి రాకపోతే రేపటి నుంచి నా కారు ఒక్కటీ నీ గుమ్మం తొక్కదు!”

“తొక్కకపోతే మానెయ్యండి” అని మా ఆయన ఫోన్ పెట్టేసి, పక్క వీధి షెడ్డుకి అరువిచ్చిన, బండి ఎత్తే జాకీ తెస్తానని వెళ్ళిపోయాడు.

ఈయన పంతానికి మేం ఎన్నిసార్లు రోడ్డున పడాలి? చొక్కా విప్పి పడేసినప్పుడు నన్నడిగాడా? ఇప్పుడడిగాడా? విసురుగా లేచి, అలమరలో ఉన్న బ్రేక్ ఆయిల్ తీసి గీత దాకా పోశాను. డ్రైవరుని తాళం తిప్పమన్నాను. లైటు ఆరిపోయింది.

“అన్న ఒప్పుకున్నాడా వదినా?”

“నేను చెప్తున్నాగా, తీసుకెళ్ళు!”

మా ఆయన తిరిగొచ్చి ఖాళీ చోటు చూశాడు. వెనక చక్రం ఉన్న దగ్గర నేల మీద చిన్న తడి. వేలితో అద్ది వాసన చూశాడు.

“లైటు ఎలా ఆర్పావు?”

“ఆయిల్ పోశాను.”

“పోసిందంతా చక్రం దగ్గర కారిపోతోందే! కొండ దిగేటప్పుడు కాలు నొక్కితే అక్కడ బ్రేకుండదు!”

మా ఆయన గబగబా ఫోన్ కలిపాడు. డ్రైవరు ఫోన్ ఎత్తలేదు. ఓనరు ఎత్తి, “నీ పెళ్ళామే ఇచ్చిందిగా, ఇంకేంటి నీ గోల?” అని పెట్టేశాడు. ట్రిప్పు వాళ్ళని ఎక్కించుకునే ఇల్లు రైలు గేటు పక్కనని డ్రైవరు వెళ్తూ నాతో అన్నాడు. మోటారు సైకిలు మీద పరిగెత్తాం. మేం వెళ్ళేసరికి సామాను డిక్కీలో ఉంది, ముందు సీట్లో ముసలావిడ, వెనక చంటిబిడ్డతో మొగుడూ పెళ్ళాం. మా ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేసుకున్నాడు.

పావుగంటలో ఓనరు ఊడిపడ్డాడు. “బాగుందని ఇచ్చింది ఈవిడే! అడగండి!” అని నా మీదకి వేలు చూపించాడు. అందరూ నన్నే చూశారు. అవునని నా మీదకి తోసేసి మా ఆయన బయటపడొచ్చు, ఆ పని చెయ్యలేదు.

నేను డ్రైవరుని దింపి ఆ సీట్లో కూర్చున్నాను. బ్రేకు గట్టిగా నొక్కాను, వదిలాను, మళ్ళీ నొక్కాను. లెక్కలేనన్నిసార్లు నొక్కాక పెడలు నేలకి ఆనిపోయింది.

“బాగుందని ఇవ్వలేదండీ. లైటు ఆర్పి ఇచ్చాను. తప్పు నాది. దిగండి, మీ కాళ్ళు పట్టుకుంటాను” అన్నాను. చంటిబిడ్డ తల్లి నన్ను చూసిన చూపు చెప్పలేను. ఓనరు నోటికొచ్చినట్టు తిట్టాడు. సాయంత్రానికల్లా తొమ్మిది కార్లూ వీధి చివర ఇంకో షెడ్డుకి మారిపోయాయి.

ఇంటికొచ్చాక, “ఒక్కసారి తిట్టండి, చచ్చిపోతున్నాను” అన్నాను.

“నాకు కాదు చెప్పాల్సింది. ప్రాణం మీదకి తెచ్చింది ఆ డ్రైవరుకి. వాళ్ళింటికెళ్ళి చెప్పు” అన్నాడు.

మర్నాడు వెళ్ళాను. అతను డ్యూటీలో ఉన్నాడు. భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. జరిగిందంతా దాచకుండా చెప్పాను. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. పోస్తే బాగుండేది.

“పొద్దున వేరే బండి తీసుకెళ్ళాడక్కా” అంది. “నిన్న దానికీ ఏదో లైటు వెలిగిందట. కొత్త షెడ్డులో పది నిమిషాల్లో ఇచ్చేశారట, ఇప్పుడేం వెలగట్లేదన్నాడు.” చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. “నీకు తెలుస్తుందిగా, చెప్పు. అది బాగుచేస్తే ఆరిందా, ఆర్పితే ఆరిందా?”