శంకరమ్మ పెట్టిన ఎడమ పువ్వు

గద్వాల మగ్గాల వాడలో, పువ్వు పెట్టి అమ్మవారి ఆజ్ఞ అడిగే శంకరమ్మ పోయిన శుక్రవారం పరమపదించింది. ఆమె నాకు పెద్దమ్మ. కబురు విన్నవాళ్ళందరూ "అయ్యో, ఇగ మాకు దేవుని మాట ఎవరు చెప్తరు" అని కంటతడి పెట్టారు. నేను మాత్రం గుమ్మం దగ్గర పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. మా సంఘం పెద్దలు సంస్మరణ సంచికకు నన్నే రాయమన్నారు. "తెలుగు చదివినదానివి, నాలుగు మంచి మాటలు రాయి తల్లీ" అన్నారు. రాస్తాను. మంచివీ రాస్తాను, నిజమైనవీ రాస్తాను.

కన్నతల్లి పోయిన నన్ను, మా అమ్మకు అక్క అయిన ఆ మహా ఇల్లాలు కంటికి రెప్పలా సాకింది. తాను గంజి తాగి నాకు బువ్వ పెట్టిన రోజులున్నాయి. అది అబద్ధం కాదు.

మా ఇంటి దేవర చౌడమ్మ తల్లి. నల్లరాతి మూర్తి, మగ్గం గుంటకు ఎదురుగా గూట్లో ఉంటుంది. ఎటూ తోచని ధర్మసంకటంలో పడ్డవాళ్ళు వనపర్తి నుంచి, బిజినేపల్లి నుంచి, లింగాల నుంచి వచ్చి మా గడప తొక్కేవాళ్ళు. పెద్దమ్మ తలస్నానం చేసి, రెండు గన్నేరు పువ్వులు చెంబు నీళ్ళతో తడిపి, తల్లి కుడి భుజాన ఒకటి, ఎడమ భుజాన ఒకటి అంటించేది. కుడి పువ్వు ముందు రాలితే 'కానియ్' అని, ఎడమది రాలితే 'వద్దు' అని. అందాకా ఎవరూ నోరు మెదపరాదు. దక్షిణ మాట అటుంచి, కొబ్బరిచిప్ప కూడా ముట్టేది కాదు. ఆ నిస్వార్థాన్ని ఎంత పొగిడినా తక్కువే.

ఒకనాడు వనపర్తి నుంచి ఒకామె తన బిడ్డను రెక్క పట్టి తీసుకొచ్చింది. మొగుడు కొడుతున్నాడని పుట్టింటికి వచ్చిన పిల్ల. "మళ్ళ అత్తగారింటికి పంపాలెనా వద్దా, అడుగు శంకరమ్మా. పంపుమనే అంటది తల్లి, నాకెర్కనే" అన్నది ఆమె. పిల్ల తలెత్తలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నది. ఎడమ పువ్వు రాలింది. పిల్ల తల్లి దండం పెట్టి, బిడ్డను తన ఇంటికే తోలుకపోయింది. వాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ అన్న మాట ఇప్పటికీ వాడలో చెప్పుకుంటారు: "మనిషి చెప్తే కొట్లాట, దేవుడు చెప్తే దండం." అది భక్తి అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

కల్వకుర్తి దిక్కు రైతు ఒకాయన బోర్లు వేసి వేసి విసిగి వచ్చాడు. కొడుకు ఇంకోటి వేద్దామంటున్నాడట. ఎడమ పువ్వు రాలగానే ఆయన ముఖం తేటబడింది, చాయ్ కూడా తాగకుండా సంబురంగా బస్సెక్కాడు. అందుకే పెద్దమ్మను వాడ ఆడవాళ్ళు 'అమ్మవారి వకీలు' అని ఎగతాళి చేసేవాళ్ళు.

నా వంతూ వచ్చింది. డిగ్రీ అయినంక తెలుగు పండిత శిక్షణకు వనపర్తిలో సీటు వచ్చింది. బడిలో పిల్లలకు పద్యం రాగం తీసి చెప్పాలని నా ప్రాణం కొట్టుకునేది. "నన్నెందుకు అడుగుతవే, తల్లినే అడుగుదాం" అన్నది పెద్దమ్మ. అడిగాం. ఎడమ పువ్వు రాలింది. జగన్మాత వద్దన్నదంటే నా మేలుకే అనుకుని, ఏడుపు మింగి మగ్గం దగ్గరికి పోయాను. మా కుప్పడం చీరకు ఒంటి మనిషి చాలదు. ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెండు పోగులూ మెలేసి అందుకోవడానికి అవతల ఇంకొకరు కూర్చోవాలి. పెద్దమ్మ మగ్గానికి ఆ అవతలి మనిషిని నేనే. తరువాత దూరవిద్యలో ఎం.ఏ. చదివాను గానీ బడి మెట్టు ఎక్కే యోగం లేకపోయింది. 'యోగం' అనే మాట మొన్నటిదాకా నిజంగానే నమ్మాను.

పోయిన నెల జబ్బు ముదిరితే పెద్దమ్మను నాగర్‌కర్నూల్‌లో దవాఖానకు తీసుకుపోయాను. ఆపరేషన్ చేస్తే బతకవచ్చు, టేబుల్ మీదే పోనూవచ్చు, మీరే తేల్చుకోండి అన్నాడు డాక్టరు. నాకు ఒకటే పరేషాన్.

"పెద్దమ్మా, తల్లికి పువ్వు వెట్టి అడగనా?" అన్నాను.

ఆమె నవ్వింది. "పువ్వేం చెప్తదే పిచ్చిదానా! తడి చెప్తది. తక్కువ తడిపింది జల్ది ఆరి రాల్తది. అన్నీ నేను తడిపినట్టే రాలినయి."

"మరి ఇన్నేండ్లు అందరికీ అబద్ధమే చెప్పినవా?" అన్నాను.

"అడగనీకి వచ్చినోళ్ళ మొఖంలనే జవాబు ఉంటది బిడ్డా. నోరు తెరిచి చెప్పనీకి ధైర్యం ఉండదు. వాళ్ళకు ఏది కావాలెనో అదే రాల్చిన. పాపమా అది?"

"మరి నాకు? నా మొఖంల ఏం కనవడ్డది నీకు?"

ఆమె గోడవైపు తిరిగింది. "కనవడ్డది. నువ్వు పోతే అవతల ఎవరు కూసుంటరే? నీ కుడి పువ్వు రాలకుంట చెంబులనే ముంచి వెట్టిన."

ఊరందరికీ వాళ్ళ కోరిక, నాకు మాత్రం ఆమె కోరిక! ముక్కూ ముఖం తెలియనివాళ్ళ ముఖాలు చదివి కరిగిన మనిషి, తన చేతి ముద్ద తిన్న నన్ను చదివి మరీ ముంచింది. ఇది ద్రోహం. ఈ మాట సంస్మరణ వ్యాసంలో రాయరాదని నాకు తెల్వదా? తెలిసే రాస్తున్నాను. ఇక ఆమె తన సంగతి మాత్రం తన నోటితోనే చెప్పింది: "నాకు కోతలొద్దు, పువ్వొద్దు. ఇంటికి తీస్కపో." తెచ్చాను. ఆఖరి చుక్క నీళ్ళు నేనే పోశాను.

మూడో రోజు కర్మ ముగిసిందో లేదో, బిజినేపల్లి నుంచి ఒకామె గన్నేరు పూలతో వచ్చి కూర్చుంది. "ఇగ నువ్వే వెట్టాలె అక్కా. ఉన్న చెలక కౌలుకిచ్చి పట్నం పోదామంటుండు మా ఆయన." పూలు తీసుకుని పక్కన పెట్టాను. "తల్లి సంగతి తర్వాత. నీకేం కావాలెనో నోటితో చెప్పు" అన్నాను. ఆమె గూటి వంక చూసింది, నా వంక చూసింది, భోరుమన్నది. "నాకు పోబుద్ధి అయితలేదక్కా." "గదే పోయి నీ మొగునికి చెప్పు" అని పంపించాను.

పెద్దమ్మా, నీకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఈ వాడకు నీవంటి మనిషి మళ్ళీ రాదు. సగం నేసిన చీర మగ్గం మీద అట్లనే ఉంది. అవతల నేనున్నాను, ఇవతల నువ్వు లేవు. ఒక్కటే అడుగుతున్నా. ఆనాడు నోరు తెరిచి 'పోకే బిడ్డా' అని ఒక్క మాట అంటే నేను ఉందునే. సంతోషంగా ఉందునే. నడుమ దేవుణ్ణెందుకు పెట్టినవ్?